ఎం.జె.ఓ. అంటే ఏమిటి? బంగాళాఖాతం వాయుగుండాలకూ మన కంది చేనుకూ సంబంధం

రైతు సోదరులారా, 2023 వానాకాలం గుర్తు చేసుకోండి. జులై ఆఖరులో రాష్ట్రమంతా వరదలు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అతి పొడి ఆగస్టు. దీనికి ఎల్ నినోతో పాటు ఎం.జె.ఓ. అనుకూలంగా లేకపోవడం కూడా కారణమని వాతావరణ శాఖ చెప్పింది. ఎల్ నినో గురించి అందరికీ తెలుసు. రెండోదాని గురించి మన గ్రామాల్లో ఎవరూ అంతగా మాట్లాడుకోరు.

ఎం.జె.ఓ. అంటే మాడెన్–జూలియన్ ఆసిలేషన్. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. ఇది నీటి అల కాదు, గాలీ మబ్బుల అల. వేల కిలోమీటర్ల వెడల్పున భూమధ్యరేఖ వెంట పడమర నుంచి తూర్పుకు కదులుతుంది. హిందూ మహాసముద్రం మీద దీని వేగం గంటకు సుమారు 18 కిలోమీటర్లు, అంటే సైకిల్ తొక్కినంత. సాధారణంగా 30 నుంచి 60 రోజులకు ఒక చుట్టు. అలలో ఒక సగంలో గాలి పైకి లేచి మబ్బు కట్టి వాన కురుస్తుంది. మిగతా సగంలో గాలి కిందికి దిగి ఆకాశం తేటపడుతుంది. వానాకాలంలో ఈ మబ్బుల పట్టీ ఉత్తరానికి, అంటే మన వైపుకు కూడా జరుగుతుంది. ఒకే సీజనులో రెండు వారాలు ముసురు, తర్వాత రెండు మూడు వారాలు బెట్ట రావడానికి ఇదొక ముఖ్య కారణం.

వాయుగుండాలకూ దీనికీ సంబంధం గాలుల్లో ఉంది. మబ్బుల పట్టీకి వెనక, భూమధ్యరేఖ దగ్గర, పడమటి గాలులు బలంగా వీస్తాయి. అదే సమయంలో ఉత్తరాన బంగాళాఖాతంలో తూర్పు గాలులు వీస్తే, రెండింటి నడుమ గాలి సుడి తిరుగుతుంది. రెండు అరచేతుల మధ్య పుల్ల పెట్టి రుద్దితే తిరిగినట్టే. భూమధ్యరేఖకు దక్షిణాన కూడా ఇలాగే సుడి పుట్టవచ్చు. 2022 మేలో మన వైపు 'అసని', అదే రోజుల్లో దక్షిణ హిందూ మహాసముద్రంలో 'కరీం' జంటగా తిరిగాయి. అయితే సుడి తుఫాను కావాలంటే సముద్రం వెచ్చగా ఉండాలి, పైగాలులు మబ్బును చెదరగొట్టకూడదు. అల అనుకూలంగా ఉన్నంత మాత్రాన తుఫాను రాదు.

తాండూరుకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం, మనకేం అనుకోవద్దు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగానే కర్ణాటకకు పోయింది. హైదరాబాదు మునిగింది అప్పుడే. అక్టోబరు, నవంబరు మన కంది పూతకు వచ్చే కాలం. వానే పడనక్కర్లేదు, నాలుగు రోజులు మబ్బు పట్టి చిరుజల్లులు పడితే చాలు, మారుకా మచ్చల పురుగు పూతను గూడు కట్టేస్తుంది. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి నిజమైన పరీక్ష ఈ రెండు నెలలే.

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాల విస్తృత అంచనా విడుదల చేస్తుంది. అందులో ఎం.జె.ఓ. ఏ దశలో ఉందో రాస్తారు. మొత్తం ఎనిమిది దశలు. 2, 3 దశల్లో అల హిందూ మహాసముద్రం మీద, 4, 5 దశల్లో ఇండోనేషియా వైపు ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలకు ఎక్కువగా ఈ నాలుగూ అనుకూలం. పక్కనే బలం అంకె కూడా ఇస్తారు. అది 1 కన్నా తక్కువైతే అల బలహీనమని అర్థం, దశను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఈ అంచనా మీ పొలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో చెప్పదు. పదిహేను రోజుల ముందే 'మహా తుఫాను' అని ఫోన్లో తిరిగే సందేశాలను నమ్మకండి, ఏ అలా అంత కచ్చితంగా చెప్పదు. గురువారం అంచనాను కూలీలను మాట్లాడుకోవడానికి, విత్తనం, ఎరువు సిద్ధం చేసుకోవడానికి వాడుకోండి. మందు పిచికారీకి మాత్రం మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఐదు రోజుల సలహానే ఆధారం.

విత్తే వేళ తొందర వద్దు. మృగశిరలో ఒక వాన పడగానే గొర్రు కట్టి, తర్వాత బెట్ట వచ్చి మళ్లీ విత్తనం కొనడం మనకు ఏటా చూస్తున్న నష్టమే. వికారాబాద్, పరిగి వైపు తేలిక ఎర్ర నేలల్లో 50–60, తాండూరు, బషీరాబాద్, యాలాల నల్లరేగళ్లలో 60–75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తండి. అల దాటిపోయి పొడి వారాలు సూచిస్తుంటే, తేమ ఉండగానే గుంటక తోలండి. బెట్ట మొదలైతే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల 13-0-45 కలిపి చల్లితే పైరు కొంత తట్టుకుంటుంది. అక్టోబరులో అనుకూల దశ వస్తోందని తెలిస్తే నల్లరేగడిలో మురుగు కాలువలు ముందే తీసి ఉంచండి. మొగ్గ దశలో లీటరుకు 5 మి.లీ. వేపనూనె చల్లండి. పిచికారీ చేశాక కొన్ని గంటలైనా వాన లేకుండా ఉండే రోజు చూసుకోవాలి.

ఫోన్లో 'మేఘదూత్' యాప్ పెట్టుకుంటే జిల్లా సలహా తెలుగులో వస్తుంది. యాప్ వాడలేనివారు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.