ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊగిపోయాం

మాటలే అర్థం కాని పాట మీద మనిషి ప్రాణం ఎందుకు పెట్టుకుంటాడు? ఇవాళ్టి ఎపిసోడ్ దాని మీదే.

1999 జూలైలో పవన్ కళ్యాణ్ ‘తమ్ముడు’ వచ్చింది. డైరెక్టర్ అరుణ్ ప్రసాద్, మ్యూజిక్ రమణ గోగుల. అంతకుముందు 1996లో ‘ఏ లైలా’ అని పాప్ ఆల్బమ్ చేశాడాయన. సినిమాలో హీరో కిక్ బాక్సింగ్ ట్రైనింగ్ దగ్గర ‘ట్రావెలింగ్ సోల్జర్’ వస్తుంది. చేతుల మీంచి కారు వెళ్లిపోతుంది, గుండెల మీద బండరాళ్లు పగులుతాయి. వెనకాల గిటార్, డ్రమ్స్, గోగుల గారి బొంగురు గొంతు. పాట మొత్తం ఇంగ్లీషే. అదే సినిమాలో ‘లుక్ ఎట్ మై ఫేస్ ఇన్ ద మిర్రర్’ కూడా అంతే. మాస్ సినిమాలో రెండు ఇంగ్లీష్ పాటలండీ! ఇవాళ ఏ ప్రొడ్యూసర్ ఒప్పుకుంటాడు?

మా రోలుగుంట, చోడవరం వైపు అన్నయ్యలు ఆ క్యాసెట్ అరగదీశారు. మా బ్యాచ్‌కి సెల్ షాపులో మెమరీ కార్డులోకి ఎక్కించుకుంటే వచ్చాయి.

ఇప్పుడు ఆలోచించండి. తెలుగు మీడియం కుర్రాడికి ఇంగ్లీష్ అంటే ఏంటి? టెన్త్‌లో గండం. బీటెక్‌లో సెమినార్ అంటే కడుపునొప్పి. ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే చెమటలు. ఆ భాష ఎప్పుడొచ్చినా మనల్ని పరీక్ష పెట్టడానికే వచ్చింది. ఈ పాటలో మాత్రం మన హీరో వెనకాల నిలబడింది. తప్పు పాడితే దిద్దేవాడు లేడు. సగం మాటలు మనం సొంతంగా కట్టుకున్నవే, అయినా గొంతు చించుకుని పాడేశాం. నాకైతే రాక్ అంటే అదే.

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. రాక్ అండ్ రోల్ 1950ల్లో అమెరికాలో, నల్లజాతి వాళ్ల బ్లూస్, గోస్పెల్ పాటల్లోంచి పెరిగింది. 1955లో లిటిల్ రిచర్డ్ ‘టుట్టీ ఫ్రుట్టీ’ పాడాడు. ఆ పాట మొదట్లో ఒక అరుపు ఉంటుంది. దానికి ఇంగ్లీషోళ్లకి కూడా అర్థం లేదు, డ్రమ్ చప్పుడుని నోటితో కొట్టాడంతే.

అటు సోవియట్ యూనియన్‌లో ఆ రికార్డులు బయట దొరికేవి కావు. కుర్రాళ్లు ఏం చేశారో తెలుసా? ఆస్పత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద పాటలు చెక్కి దొంగచాటుగా అమ్మారు. ఎవరిదో పక్కటెముకల బొమ్మ, దాని మీద సూది పెడితే రాక్ అండ్ రోల్! దొరికితే జైలే. విన్నవాళ్లలో చాలామందికి ఇంగ్లీష్ ముక్క రాదు.

అసలు మన ఉత్తరాంధ్రోళ్లకి ఇది కొత్తేం కాదు. తప్పెటగుళ్లు చూశారు కదా? తప్పెట గుండెకి కట్టుకుని, వాయిస్తూ ఎగురుతారు. పాటలో మాట చెవిన పడేలోపే మన ఒళ్లు కదిలిపోద్ది.

2025 సంక్రాంతికి ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ‘గోదారి గట్టు’ వచ్చింది. భీమ్స్ మ్యూజిక్, పాడింది రమణ గోగుల, మధుప్రియ. పిల్లలు ఎవరీ కొత్త సింగర్ అన్నారు. మా అన్నయ్యలు ఫోన్ లాక్కుని ‘ట్రావెలింగ్ సోల్జర్’ పెట్టారు. మాటలు ఇప్పటికీ తప్పే పాడుతున్నారు.