బందరు అద్దకం – కృత్తివెన్ను రొయ్య

బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. డచ్చివారు 1605లోనూ, ఆంగ్లేయులు 1611లోనూ, ఫ్రెంచివారు 1669లోనూ ఈ రేవులో వర్తకానికి దిగారు. విదేశీ వ్యాపారులకు రాయితీలివ్వడం కూడా మనకు కొత్త కాదు. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ప్రకారం ఆంగ్లేయులు ఏటా 500 వరహాలు కడితే చాలు, అతని రేవులలో వేరే సుంకం లేదు.

వారికి కావలసింది మన అద్దకపు వస్త్రం. డచ్చివారు దానిని ఆగ్నేయాసియా దీవులకు చేర్చి సుగంధద్రవ్యాలు కొనేవారు. ఐరోపాకూ ఓడలు సాగేవి. బదులుగా వెండి బంగారాలు దిగేవి. రాట్నం తిప్పే స్త్రీ మొదలు చిరివేరు తవ్వేవాడు, నేతగాడు, చాకలి, అద్దకపు పనివాడు దాకా ఎందరికో పని దొరికింది. ఇది కాదనరాని మేలు.

అయితే పని దొరకడం వేరు, ధర చెప్పగలగడం వేరు. నేతగాడు దళారి చేత బయానా పుచ్చుకొని మగ్గమెక్కేవాడు. కొనేవారు పలువురున్నంత కాలం అతనికి కొంత బలముండేది. 1759లో బందరు కోట, 1765లో ఉత్తర సర్కారుల సన్నదు ఈస్టిండియా కంపెనీకి దక్కాక, కొనేవాడే ఏలేవాడైనాడు. అంతకు మునుపే ఇంగ్లండు తన నేతపనివారిని కాపాడుకోవడానికి 1700లోనూ, 1721లోనూ మన అద్దకాలపై నిషేధ చట్టాలు చేసింది. పంతొమ్మిదవ శతాబ్దంలో మరమగ్గాల బట్ట వచ్చిపడింది. 1864 నవంబరు ఉప్పెన సుమారు 30,000 ప్రాణాలను బలిగొన్నది. రేవు మరి పూర్వవైభవం చూడలేదు.

బడిలో ఈ పాఠం చెప్పే రోజులలో పుస్తకం నిండా సుల్తానుల పేర్లు, కంపెనీల పేర్లే కనబడేవి. నేతగాని పేరు ఒక్కటీ ఉండేది కాదు.

ఇప్పుడు మా కృత్తివెన్ను వైపు చూడండి. వస్త్రం స్థానంలో రొయ్య వచ్చింది. 1990లలో టైగరు రొయ్యను తెల్లమచ్చ తెగులు తినేసింది. 2009లో పసిఫిక్ తీరపు వనామీ సాగుకు అనుమతి లభించింది. కూలీలకు పని, కౌలు రైతుకు ఆశ రెండూ కలిగాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు ఆ దెబ్బ కౌంటు ధరలో, అంటే చెరువుగట్టు మీదనే, తెలిసింది. మేత బాకీ మాత్రం తగ్గలేదు.

వాణిజ్యం వద్దని నా వాదం కాదు. వలందుల ఓడ రాకుంటే అద్దకానికి అంత ఖ్యాతి వచ్చేదే కాదు. కాని లాభం అంచెలంచెలుగా పైకి పోయి, నష్టం ఒక్క దూకున కిందికి దిగే ఏర్పాటు నాడూ ఉంది, నేడూ ఉంది. పలు దేశాల కొనుగోలుదారులు, మన ఇళ్ళలో వాడకం, కౌలు రైతుకు బీమా, అప్పు – ఇవి ఉన్నప్పుడే సంపద అందరిదవుతుంది. లేకుంటే రేపటి చరిత్రలోనూ ఎగుమతి లెక్కలే మిగులుతాయి, రైతు పేరు మిగలదు.