కంప్యూటరుకు బారసాల

కొత్త కంప్యూటరు కొని మొదటిసారి మీట నొక్కినప్పుడు అది మనల్ని నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఏ దేశం, ఏ భాష, మీ పేరేమిటి, రహస్యపదం ఏమిటి అని. "నాకేం పేరు పెడతారు?" అని మాత్రం చాలా యంత్రాలు అడగవు. బారసాల చేసే దాకా ఆగకుండా పురిటి గదిలోనే ఎవరో కాగితం మీద ఒక పేరు రాసేసినట్టు, తమకు తామే ఒక పేరు తగిలించుకుని కూర్చుంటాయి. నూటికి తొంభైమంది ఆ పేరును చూడనైనా చూడరు. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు ఎలా పుట్టాయో వెదికే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ కళ్లతోనే వీటినీ చూడబోతే, ఇక్కడా చెప్పుకోదగిన చరిత్రే కనిపించింది.

ఈ పేరును హోస్ట్‌నేమ్ అంటారు. హోస్ట్ అంటే వచ్చినవాళ్లకు చోటిచ్చే గృహస్థు. 1969లో అమెరికాలో ఆర్పానెట్ మొదలైనప్పుడు, దూరం నుంచి తీగల మీద వచ్చి పని చేసుకునేవాళ్లకు చోటిచ్చిన పెద్ద యంత్రాలను అలా పిలిచారు. మొదట ఉన్నవి నాలుగే: లాస్ ఏంజెలెస్‌లో ఒకటి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒకటి, శాంటా బార్బరాలో ఒకటి, యూటాలో ఒకటి. నాలుగిళ్ల పల్లెలో ఇంటికి పేరెందుకు? అంకె చాలు. యంత్రాలకు నిజంగా కావలసినదీ అంకే. పేరు మనకోసం.

ఇళ్లు పెరిగాక తంటా వచ్చింది. ఒక్కొక్క కేంద్రంవారు తమ సౌకర్యం కొద్దీ పేర్ల జాబితా రాసుకున్నారు. ఒకే యంత్రాన్ని ఒక చోట ఒక పేరుతో, ఇంకో చోట ఇంకో పేరుతో పిలిచేవారు. తిరుచ్చి, తిరుచిరాపల్లి, త్రిశిరాపురం అన్నీ ఒక ఊరేనని మనకు తెలుసు గాని యంత్రానికి తెలియదు కదా. 1971లో పెగ్గీ కార్ప్ అనే ఆమె, అందరూ ఒకే పట్టిక వాడుకుందాం అని ఒక చిన్న పత్రం రాసింది. నెట్‌వర్కు చరిత్రలో పేర్ల గురించి వచ్చిన తొలి పత్రాల్లో అదొకటి.

ఆ పట్టికను ఏళ్ల తరబడి కాపాడినది స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని సమాచార కేంద్రం. దాన్ని నడిపినామె ఎలిజబెత్ ఫైన్లర్. 1972లో ఆ పనిలోకి వచ్చి 1989 దాకా ఉంది. అందరూ ఆమెను జేక్ అనేవారు. ఇంట్లో 'బెట్టీ జో' అని పిలిస్తే, పసిదైన అక్కకు నోరు తిరగక 'బేబీ జేక్' అయింది. అదే నిలిచిపోయింది. లోకంలోని కంప్యూటర్ల పేర్లన్నిటికీ కరణంగా ఉన్న మనిషి పేరు ఒక పసిపిల్ల పెట్టినది కావడం నాకు ముచ్చటగా తోచింది. కొత్త యంత్రం పెట్టుకున్నవారు ఈ కేంద్రానికి తెలియజేయాలి. వాళ్లు ఆ పేరు ముందే ఎవరికైనా ఉందేమో చూసి పట్టికలో ఎక్కించాలి. దేశంలోని కేంద్రాలన్నీ ఆ పట్టికను మళ్లీమళ్లీ నకలు తీసుకోవాలి. మన రెవెన్యూ కచేరీలో అడంగలు లాంటిదన్నమాట.

పట్టిక బరువెక్కింది. 1983లో పాల్ మోకపెట్రిస్ అనే ఇంజనీరు దాన్ని విడగొట్టి పంచే పద్ధతి కనిపెట్టాడు. అదే డీ.ఎన్.ఎస్. పెద్ద పేరు ఒకరు చూసుకుంటారు, దాని కింది పేర్లు ఆ ఇంటివాళ్లే చూసుకుంటారు. ఇందులో యంత్రం పేరు ముందు, సంస్థ పేరు తరువాత, దేశం చివర. మనవాళ్ల పద్ధతి దీనికి తలకిందులు: ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. మన పద్ధతిలో వెళ్లినవారు ఇంగ్లండులో ఉన్నారు. అక్కడి విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు జానెట్ ముందు దేశం, ఆ తరువాత సంస్థ, చివర యంత్రం రాసేది. దీనివల్ల ఒక హాస్యం జరిగింది. కంప్యూటర్ సైన్సు శాఖకు 'సీఎస్' అని పొట్టి పేరు. చెకోస్లొవేకియా దేశానికీ అదే గుర్తు. పేరును ఎటు వైపు నుంచి చదవాలో తెలియక, పక్క విశ్వవిద్యాలయం శాఖకు వెళ్లవలసిన ఉత్తరాలు ప్రేగ్ దారి పట్టేవి. చివరికి 1990లలో జానెట్ లోకం దారికి వచ్చింది. ఇంటిపేరు ముందుంచిన పక్షం ఓడిపోయినందుకు నాకు కొంచెం చింత లేకపోలేదు.

ఇదంతా పట్టిక సంగతి. యంత్రం లోపల తన పేరు ఎక్కడ రాసి ఉండేది? 1979 నాటి యూనిక్స్‌లో ఉత్తరాలు చేరవేసే భాగం యంత్రం పేరును ఒక చిన్న దస్త్రంలో వెదికేది. ఆ దస్త్రం పేరు 'హూయామై', అంటే 'నేనెవరు'. తిరువణ్ణామలై కొండ కింద కూర్చుని అడగవలసిన ప్రశ్న! యంత్రానికి మాత్రం జవాబు ఒక్క పంక్తిలో దొరికేది.

ఆ రోజుల్లో పేరు పెట్టడం యంత్రంతో కాపురం చేసేవాళ్ల పని. యంత్రం గదంత ఉండేది, దాని గుణదోషాలు అందరికీ తెలిసేవి. ఒక చోట గ్రహాలు, ఒక చోట పురాణ దేవతలు, ఒక చోట రంగులు. 1994లో స్టాన్‌ఫర్డులో ఇద్దరు విద్యార్థుల బల్లల మీద ఉన్న యంత్రాల పేర్లు అకెబోనో, కొనిషికి. ఇద్దరూ సుమో మల్లులు. యాహూ పుట్టింది ఆ మల్లుల భుజాల మీదే. అంతకు ముందు జెనీవా దగ్గర సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ తొలి వెబ్ సర్వరు నడిపిన యంత్రం పేరులో రసం లేదు. ఏ కంపెనీ యంత్రం, ఏ విభాగం, ఎన్నో నంబరు అన్నవి కలిపి కట్టిన పొట్టి గుర్తు అది. కాని ఆయన తెలివైన పని ఒకటి చేశాడు. బయటివాళ్లకు ఆ పేరు చెప్పకుండా 'ఇన్ఫో' అనే మారుపేరు ఇచ్చాడు. రేపు యంత్రం మారినా పేరు మారనక్కర లేదు.

పేరు ముందు పుట్టి యంత్రం తరువాత పుట్టిన కథ కూడా ఉంది. 1984 ఏప్రిల్ 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో పీట్ బేర్టెమా అనే ఆయన, సోవియట్ నాయకుడు చెర్నెంకో రాసినట్టు ఒక ఉత్తరం సృష్టించి నెట్‌వర్కులో వదిలాడు. 'క్రెమ్‌వాక్స్' అనే యంత్రం నుంచి వచ్చినట్టు రాశాడు. క్రెమ్లిన్‌లో ఉన్న వాక్స్ కంప్యూటరు అని అర్థం. అలాంటిది లేనే లేదు, ఏప్రిల్ ఫూలు. కొన్నేళ్లకు మాస్కోలోని డెమోస్ బృందం నిజంగానే నెట్‌వర్కులో చేరినప్పుడు, ఆ వేళాకోళాన్ని గుర్తుంచుకుని తమ యంత్రానికి ఆ పేరే పెట్టుకుంది. 1991 ఆగస్టులో అక్కడ కుట్ర జరిగి పత్రికల నోరు నొక్కినప్పుడు, వార్తలు లోకానికి చేరిన దారుల్లో వాళ్ల నెట్‌వర్కు ఒకటి.

మన దేశంలో విద్యాసంస్థలను కలిపిన ఎర్నెట్ 1986లో మొదలైంది. దేశపు గుర్తు 'ఇన్' 1989లో నమోదైంది. బొంబాయిలోని ఎన్.సి.ఎస్.టి.లో ఒక యంత్రం పేరు 'శక్తి'. బెంగళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లోని యంత్రం పేరు చూసినప్పుడు నేను కాసేపు ఆగాను. మనం విజ్ఞానం అంటాం, కన్నడిగులూ విజ్ఞాన అంటారు. యంత్రం పేరు మాత్రం హిందీవారి ఉచ్చారణ ప్రకారం 'విగ్యాన్' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. నిలబడినది కన్నడ నేల, మాట సంస్కృతం, పలుకు ఉత్తరాది, లిపి రోమను. ఒక్క పేరులో ఇన్ని పొరలు!

1990లో డాన్ లిబెస్ అనే ఆయన కంప్యూటరుకు పేరు ఎంచుకోవడం గురించి ఒక పత్రం రాశాడు. ఈ రంగంలో నేను చదివిన వాటిలో ఇంత ఇంపైనది మరొకటి లేదు. నీ పేరే యంత్రానికి పెట్టకు, మనిషిని అంటున్నారో యంత్రాన్ని అంటున్నారో తెలియక చస్తారు. అది చేసే పనిని బట్టి పెట్టకు, రేపు పని మారుతుంది, పేరు అబద్ధమవుతుంది. ఒక కోవకు చెందిన పేర్లు ఎంచుకో. ఇదీ ఆయన చెప్పినదాని సారం. మన పెద్దలు బిడ్డకు తాత పేరు పెట్టి, ఆ పేరుతో తిట్టలేక ఇంకో ముద్దుపేరు వెదుక్కున్న అనుభవం ఆయనకు లేదు గాని, ఉంటే అదీ రాసి ఉండేవాడు.

తరువాత యంత్రాలు వేలయ్యాయి, లక్షలయ్యాయి. 2012 ప్రాంతంలో ఒక పోలిక ప్రచారంలోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన బిల్ బేకర్‌ది అంటారు. పూర్వం సర్వర్లు పెంపుడు కుక్కల్లాంటివి, పేర్లుండేవి, జబ్బు చేస్తే వైద్యం చేసేవాళ్లం. ఇప్పుడవి పశువుల మంద, నంబర్లు చాలు, ఒకటి పోతే ఇంకొకటి. ఈ పోలిక పశువుల్ని పెద్ద పెద్ద మందలుగా పెంచే దేశంలోనే పుట్టగలదు. మన రైతు ఇంట్లో ఎద్దుకు పేరుంటుంది, ఆవుకు పేరుంటుంది. అవి చస్తే ఇంట్లో పొయ్యి వెలగని రోజులూ ఉన్నాయి.

ఇక మన బల్ల మీది యంత్రానికి వద్దాం. విండోస్ 10లో తనంతట తాను పెట్టుకునే పేరు 'డెస్క్‌టాప్' అని మొదలై, ఒక అడ్డగీత, ఆ తరువాత అర్థంలేని ఏడు గుర్తులు. ఇంగ్లీషులో లెక్కపెడితే సరిగ్గా పదిహేను. ఎందుకు పదిహేనే? 1983లో ఐ.బి.ఎం. చిన్న కంప్యూటర్ల కోసం సైటెక్ అనే సంస్థ తయారుచేసిన నెట్‌బయాస్ పద్ధతిలో పేరుకు పదహారు గళ్లు. వాటిలో చివరిది ఆ యంత్రం ఏ సేవ చేస్తుందో చెప్పే గుర్తుకు పోయింది. ఇంటివాళ్లకు మిగిలినవి పదిహేను. ఎప్పటి కొలతో నేటికీ చొక్కా అదే కొలతకు కుడుతున్నారు.

లినక్స్ పేర్లలో కొంత కథ ఉంది. డెబియన్ వ్యవస్థను ఎక్కించేటప్పుడు పేరు అడిగే గడిలో ముందే 'డెబియన్' అని రాసి ఉంటుంది. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ తన ప్రియురాలు డెబ్రా పేరు, తన పేరు కలిపి కట్టిన మాట అది. అంటే పేరు మార్చని ప్రతి యంత్రమూ ఎక్కడో ఇద్దరు ప్రేమికుల పేరు మోస్తున్నదన్నమాట. చిన్న బడులకు సైతం చేరిన రాస్ప్‌బెరీ పై పేరు, యాపిల్, ఏప్రికాట్ అని కంపెనీలకు పళ్ల పేర్లు పెట్టుకున్న పాత ఆచారం నుంచి, పైథాన్ భాష నుంచి వచ్చింది. ఇలాంటివి రెండు ఒకే ఇంట్లో ఉంటే చిక్కే. రెండూ ఒకే పేరు చెప్పుకుంటాయి. రెండోది తన పేరు చివర 2 తగిలించుకుని సర్దుకుంటుంది. అయితే ఏది ముందు లేచిందో అదే మొదటిది. నిన్నటి పెద్దవాడు ఈ రోజు చిన్నవాడవుతాడు.

దీనికన్నా తీవ్రమైన సంగతి ఒకటుంది. ఫోనుకు, ఒడి కంప్యూటరుకు యజమాని పేరే కలిపి పెట్టే అలవాటు కొన్ని కంపెనీలకు ఉంది. రైలు స్టేషనులోనో కాఫీ హోటల్లోనో నెట్‌వర్కులో చేరే క్షణంలో చాలా యంత్రాలు తమ పేరు పైకి చెప్పుకుంటాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న అపరిచితుడికి, మీరు ఎవరో మీరు నోరు విప్పకుండానే తెలిసిపోతుంది. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడపిల్లకు ఇది చిన్న విషయం కాదు. 2017లో ఈ అలవాటే హానికరమని ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం నుంచి ఒక పత్రం వచ్చింది. లిబెస్ 1990లో సౌకర్యం కోసం చెప్పిన మాట, ఇరవై ఏడేళ్లకు రక్షణ కోసం మళ్లీ చెప్పవలసి వచ్చింది.

మార్చడం కష్టం కాదు. విండోస్‌లో సెట్టింగులలో పేరు మార్చే చోటుంది, ఆ తరువాత ఒకసారి ఆపి మళ్లీ వెలిగించాలి. లినక్స్‌లో హోస్ట్‌నేమ్ అనే చిన్న దస్త్రంలో కొత్త పేరు రాయాలి. దాని పక్కనే ఉండే హోస్ట్స్ అనే దస్త్రంలో పాత పేరు ఉంటే అక్కడా మార్చాలి. ఈ రెండోది, ఫైన్లర్ కాపాడిన ఆ పెద్ద పట్టికకు మిగిలిన పిల్ల మొలక. అక్కడ మార్చడం మరచిపోతే, యంత్రం తన పేరు తానే పోల్చుకోలేక ఫిర్యాదు చేస్తుంది.

అయితే ఏ పేరు? ఇక్కడ మనకు అడ్డం వచ్చేది 1985లో అచ్చయిన నియమం. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు, అంకెలు పది, ఒక అడ్డగీత. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేదు. ఈ ముప్పై ఏడుతోనే లోకంలోని యంత్రాలన్నీ పేర్లు పెట్టుకోవాలి. మొదట్లో ఉన్నవాళ్లు తమ టైపు మిషను మీద ఉన్నవి తీసుకున్నారు, అందులో దురుద్దేశం లేదు. కాని నాలుగిళ్ల పల్లె కోసం రాసుకున్న నియమం భూగోళానికంతా చట్టమైంది. 2003లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు, పనికోడ్ అని. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరాలు రాయవచ్చు, లోపల మాత్రం అవి ఆ ముప్పై ఏడులోకే మారిపోతాయి. 2011లో మన దేశానికి తెలుగులో '.భారత్' అనే గుర్తు వచ్చింది. తెర మీద చక్కగా తెలుగే. తెర వెనక దాని పేరు ఎక్స్ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ.

బల్ల మీది యంత్రం పేరు దగ్గర ఆ పాటి ముసుగు కూడా వద్దని, రోమను అక్షరాలే రాసుకోవడం క్షేమం. రాస్తే మళ్లీ మన తగవే. 'తుంగభద్ర' అని పెట్టుకోవాలని నాకు తోచింది. హోసూరు, మదురై వైపు మనవాళ్లు 'త'కు టీ పక్కన హెచ్ చేర్చి రాస్తారు. షోలాపురంలోని మనవాళ్లు ఒక్క టీతో సరిపెడతారు. బరంపురం బంధువులు 'భద్ర' దగ్గర ఇంకేదైనా చేస్తారేమో. ఏడుగురు ఒక నదిని ఏడు రకాలుగా రాస్తే, యంత్రం దృష్టిలో అవి ఏడు నదులు. నేను హెచ్ చేర్చే రాశాను.