ఉమూరె మజ్‌హబీ శాఖ: మతస్వాతంత్ర్యానికి సర్కారు గీసిన హద్దులు

కామారెడ్డి జిల్లాలో 2022లో మండలకేంద్రమైన డోంగ్లి ఉన్న ప్రాంతం 1956కు ముందు హైదరాబాదు సంస్థానంలోని నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకాలో భాగం. తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిసి వినిపించే మూల అది. అలాంటి మారుమూల పల్లెలో సైతం కొత్తగా గుడి కట్టాలన్నా, మసీదు కట్టాలన్నా రాజధానిలోని ఒక శాఖ అనుమతి కావలసి వచ్చేది. ఆ శాఖ పేరు ఉమూరె మజ్‌హబీ, అనగా మతవ్యవహారాల శాఖ.

ఈ శాఖను గూర్చి రెండు వాదాలు ప్రచారంలో ఉన్నవి. భద్రాచలం వంటి దేవాలయాలకు సర్కారు ఖజానా నుండి నగదు ముట్టినదనీ, ప్రభువు అన్ని మతాలనూ సమంగా చూచినాడనీ మొదటి వాదం. జనాభాలో నూటికి ఎనభైమందికి పైగా ఉన్న హిందువుల ఆరాధనను ముస్లిం ప్రభుత్వం అణచివేసినదని రెండవ వాదం. రెండింటికీ ఆధారాలు దొరుకుతవి. అయితే గ్రాంటు ఇచ్చిన చేయి, అనుమతిని నిరాకరించిన చేయి ఒక్కటే అన్న సంగతిని ఇరుపక్షాలూ పట్టించుకోలేదు. ఎవరికి ఎంత ఇవ్వవలెనో నిర్ణయించే అధికారం గల దఫ్తరు, ఎవరు ఎక్కడ ప్రార్థించవలెనో నిర్ణయించడానికి కూడా అలవాటుపడినది.

ఆ చేయి మొదట ముస్లిముల మీద కూడా పడినదన్న విషయం తరచుగా మరుగున పడుతున్నది. 1920 ప్రాంతంలో ఖిలాఫత్ ఉద్యమం సాగుతున్నప్పుడు, బ్రిటిషువారి మిత్రుడైన నిజాం తన రాజ్యంలో ఆ సభలపై ఆంక్షలు పెట్టినాడు. తుర్కీ ఖలీఫా కొరకు దుఆ చేయడం ముస్లిముకు దీన్. దివాను దృష్టిలో మాత్రం అది రాజకీయం. మతమేదో రాజకీయమేదో తేల్చే హక్కు దివానుకు ఒకసారి దక్కిన తరువాత, దానిని ఎవరిమీదనైనా ప్రయోగించవచ్చును. ముందస్తు అనుమతి లేనిదే బహిరంగసభ జరపరాదన్న గస్తీ నిషాన్ 53 ఆ దారిలోనే వచ్చినది. గ్రంథాలయాలు, మాతృభాష గురించి మాట్లాడదలచిన ఆంధ్ర మహాసభవారు కూడా దాని బాధను అనుభవించినారు.

సుల్తాన్‌బజారులో 1892లో స్థాపితమైన ఆర్యసమాజంతో ఘర్షణ 1930ల నాటికి ముదిరినది. ఆ సమాజపు ప్రచారకులలో కొందరు ఇస్లాంను నిందించినారని సర్కారు చెప్పినది. ఆ ఫిర్యాదు పూర్తిగా నిరాధారం కాదు. అవతల దీన్‌దార్ సిద్దీఖ్ ప్రచారం హిందువుల మనసులను నొప్పించిన మాటా నిజమే. నింద చేసినవానిని విచారించి శిక్షించడం ఒక పద్ధతి. నిందించవచ్చునేమోనన్న శంకతో, నోరు విప్పని వానిని సైతం అనుమతి కొరకు కచేరీ గుమ్మం ముందు నిలబెట్టడం మరొక పద్ధతి. సర్కారు రెండవదానిని ఎంచుకున్నది. ఇంటి పెరట్లో హవనకుండం కట్టుకున్నా అది వివాదమైనది. దెగ్లూరుకు పొరుగునే ఉన్న ఉద్గీర్‌కు చెందిన భాయి శ్యామ్‌లాల్ 1938 డిసెంబరులో బీదర్ జైలులో మరణించినాడు. అదే కాలాన ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడరాదన్నందుకు విద్యార్థులు ఎదురుతిరిగి, వందలమంది బహిష్కృతులైనారు. వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆర్యసమాజ సత్యాగ్రహంలో వేలమంది జైళ్ళకు పోయినారు. 1939 జూలైలో సర్ అక్బర్ హైదరీ ప్రభుత్వం సంస్కరణలను ప్రకటించి, మతవ్యవహారాలకూ ఎండోమెంట్లకూ సలహాసంఘాలను వాగ్దానం చేసింది. ఆగస్టులో సత్యాగ్రహం విరమించినారు. సంఘాలు సలహా ఇచ్చేవే గాని, నిర్ణయం మాత్రం దివానుదే.

దీనిని ఇస్లామీయ పాలన అని సమర్థించేవారు ఫిఖ్‌హ్ గ్రంథాలను ఒకసారి తిరగవేయడం మంచిది. హనఫీ న్యాయవేత్తల ప్రకారం, వక్ఫ్ ఆస్తిని దుర్వినియోగం చేసిన ముతవల్లీని ఖాజీ తొలగించవచ్చును, లెక్కలు అడగవచ్చును. కాని వాకిఫ్ పెట్టిన ధర్మసమ్మతమైన షరతును తన ఇష్టానుసారం మార్చజాలడు. ధనం విషయంలో పర్యవేక్షణ, ఉద్దేశం విషయంలో సంయమనం. అయితే ఈ విభజన కాగితం మీద ఉన్నంత తేలికగా ఆచరణలో ఉండదు. ముతవల్లీని ఎవరు నియమించవలెనన్న ప్రశ్న రాగానే రెండూ కలిసిపోతవి.

స్వతంత్ర భారతంలో న్యాయస్థానాలు ఎదుర్కొన్నదీ ఈ చిక్కునే. రాజ్యాంగపు 25, 26 అధికరణాల క్రింద 1954లో ఉడుపి శిరూరు మఠం కేసు వచ్చినది. ఒక మతంలో ముఖ్యాంశమేదో ఆ మత సిద్ధాంతాన్ని బట్టే తేల్చవలెనని సుప్రీంకోర్టు చెప్పి, ఏ వేళనైనా ఆలయంలో ప్రవేశించవచ్చునన్న అధికారుల హక్కును కొట్టివేసినది. 1961లో అజ్మీరు దర్గా కేసులో ధోరణి మారి, మూఢాచారాన్ని మతం నుండి వేరుచేసే పని కోర్టు తన మీద వేసుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి ధర్మాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తలనూ అర్చకులనూ రద్దుచేయగా, 1996లో కోర్టు దానిని సమర్థించింది: అర్చన మతపరం, అర్చకుని నియామకం లౌకికం. ముతవల్లీ పదవి గురించి ఇదే మాట అంటే ముస్లిం సమాజం ఏమనుకొనునో, నాడు ఆ తీర్పును పట్టించుకోకుండా ఊరుకున్న ముస్లిం పత్రికలు ఆలోచించినట్లు లేదు. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చి, వక్ఫ్ చేయదలచినవాడు ఐదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపవలెనన్నది. ఆచరణకు కొలత ఏమిటి? ఎవరు కొలుస్తారు? ఆ సంవత్సరం సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు చట్టాన్ని మొత్తంగా ఆపకుండా, ఈ నిబంధన అమలును తాత్కాలికంగా నిలిపివేసింది.

దెగ్లూర్ తాలూకా విషయం మిగిలినది. 1956 నవంబరు 1న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. దెగ్లూరు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయినది. ఒకే ఉమూరె మజ్‌హబీ రిజిస్టరు క్రింద ఉండిన గుళ్ళలో ఈవలివి ధర్మాదాయ శాఖ అజమాయిషీలోకి వచ్చినవి. ఆవలివి అన్ని మతాల ట్రస్టులకూ వర్తించే పబ్లిక్ ట్రస్టుల చట్టం క్రింద చారిటీ కమిషనరు చేతిలోకి వెళ్ళినవి. వక్ఫులకు మాత్రం అప్పట్లో ఈవల ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు, ఆవల మరఠ్వాడా వక్ఫ్ బోర్డు ఉండేవి. సరిహద్దుకు ఇరువైపులా దర్గాకు పోయేవారూ, జాతరకు పోయేవారూ పాతవారే.