ఆకు పసుపెక్కేలోగా

నిమ్మ, బత్తాయి తోటలను మాడ్చేసే, పురుగు మోసుకొచ్చే తెగులును పసిగట్టడానికి మనిషి పడిన నూరేళ్ళ పాట్లు

2009 వేసవి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో. పార్శిళ్ళను వాసన చూసి పట్టే కుక్క ఒక సంచి దగ్గర ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల కరివేపాకు. మన దేశం నుంచి వెళ్ళినదే. ఆకుల మీద నువ్వుగింజంత పురుగులు. వాటిని ల్యాబుకు పంపితే, నిమ్మజాతి చెట్లను చంపే బ్యాక్టీరియా వాటి ఒంట్లో ఉందని తేలింది. అప్పటికి కాలిఫోర్నియాలో ఒక్క చెట్టులో కూడా ఆ తెగులు బయటపడలేదు.

పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్ళే తెలుగువాళ్ళకు విమానాశ్రయంలో కరివేపాకు తీసి పారేయడం అనుభవమే. ఆకు మీద అంత పట్టుదల ఏమిటని చాలామంది విసుక్కుంటారు. కరివేపాకు, నిమ్మ, బత్తాయి, నారింజ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. నిమ్మజాతి చెట్ల రసం పీల్చే సిల్లా పురుగు కరివేప చిగుళ్ళ మీద కూడా గుడ్లు పెట్టి పెరుగుతుంది. ఆకు వెంట పురుగు, పురుగు వెంట తెగులు సముద్రాలు దాటగలవన్నది అమెరికా అధికారుల భయం. ఆ భయం ఉత్తుత్తిది కాదు.

ఈ తెగులుకు మన రైతులు, అధికారులు వాడే పేరు గ్రీనింగ్. ప్రపంచం పెట్టుకున్న పేరు హువాంగ్‌లాంగ్‌బింగ్. ఇప్పటివరకు దీనికి మందు లేదు. పట్టిన చెట్టు కోలుకోదు. పైగా పట్టిన సంగతి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చెట్టు బయటపెట్టదు. ఆకులు పచ్చగా, చెట్టు నిండుగా ఉండగానే దాని మీద వాలిన పురుగులు తెగులును పక్క చెట్టుకు మోసేస్తాయి. ఆ మౌనకాలాన్ని కుదించడానికి జరిగిన పోరాటమే ఈ తెగులు చరిత్ర.

పురుగును చూశారు, తెగులును చూడలేదు

సిల్లా పురుగుకు శాస్త్రీయ నామకరణం జరిగింది 1908లో. తైవాన్‌లో దొరికిన పురుగులను చూసి జపాన్ శాస్త్రవేత్త కువాయమా దానికి డయాఫోరినా సిట్రి అని పేరు పెట్టాడు. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఆకు మీద తల వంచి, తోక పైకెత్తి, ఏటవాలుగా కూర్చుంటుంది. గుడ్లు పెట్టేది లేత ఇగురు మీదే. పిల్ల పురుగులు రసం పీలుస్తూ, మైనం పూసిన తెల్లటి పోగుల్లాంటి విసర్జన వదులుతాయి. తోటలో ఆ తెల్లపోగులు కనిపించాయంటే పురుగు కాపురం పెట్టిందన్నమాట.

1927లో అవిభక్త పంజాబ్‌లోని లయల్‌పూర్ నుంచి హుసేన్, నాథ్ అనే ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు ఈ పురుగు మీద పెద్ద నివేదిక వెలువరించారు. పురుగు ఉధృతంగా ఉన్న తోటల్లో చెట్లు వడిలి చచ్చిపోతున్నాయని రాశారు. పురుగు చెట్టులోకి విషం ఎక్కిస్తోందని అనుకున్నారు. నిజానికి వాళ్ళ కళ్ళముందు జరిగింది గ్రీనింగ్ విధ్వంసమేనని తర్వాతి తరం శాస్త్రవేత్తలు అభిప్రాయపడ్డారు. పురుగు, చావు పక్కపక్కనే కనిపించినా, మధ్యలో మూడోది ఒకటుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

దక్షిణ చైనా రైతులకు మాత్రం ఈ తెగులు బాగా తెలుసు. చెట్టంతా పచ్చగా ఉండగా ఒక్క కొమ్మ పసుపు రంగుకు తిరిగేది. తర్వాత ఇంకొకటి. కొన్నేళ్ళకు తోటే పోయేది. 1919లోనే రైంకింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త దక్షిణ చైనా పంటల తెగుళ్ళ గురించి రాస్తూ దీన్ని ప్రస్తావించాడు. కారణం మీద మాత్రం తలో మాట: నీరు నిలవడమని కొందరు, నేలలో సారం లేదని కొందరు, వేళ్ళకు బూజు పట్టిందని ఇంకొందరు.

అంటు కట్టి తేల్చిన నిజం

ఆ చిక్కు విప్పినవాడు గ్వాంగ్‌జౌలో పనిచేసిన లిన్ కాంగ్‌షియాంగ్. నేలలో లోపమైతే అది ఆ నేలకే పరిమితం కావాలి. తెగులైతే జబ్బు చెట్టు కన్ను తెచ్చి ఆరోగ్యంగా ఉన్న మొక్కకు అంటు కడితే అక్కడా రావాలి. వచ్చింది. ఇది అంటు ద్వారా సోకే తెగులని ఆయన 1956లో ప్రకటించాడు. కానీ ఆ పరిశోధన చైనా భాషలో ఉండిపోయింది. బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. దక్షిణాఫ్రికాలో మెక్లీన్, ఓబర్‌హోల్జర్ 1965లో తమ దేశపు తోటల్లో ఇదే సంగతిని మళ్ళీ మొదటినుంచి కనిపెట్టాల్సి వచ్చింది. అక్కడ తెగులును మోసేది వేరే జాతి సిల్లా అనీ వాళ్ళే చూపించారు.

చైనా, తైవాన్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, భారత్... ఏ దేశానికాదేశం తనకు మాత్రమే వచ్చిన కష్టం అనుకుంటూ వేర్వేరు పేర్లతో పిలుచుకుంది. ఒకే తెగులును తలో పేరుతో రాసుకున్నంతకాలం, అది ఎక్కడ మొదలై ఎటు పాకిందో ఎవరూ గీత గీయలేకపోయారు. చివరికి 1995లో చైనాలోని ఫుజౌలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో, లిన్ కృషికి గౌరవంగా చైనా పేరు హువాంగ్‌లాంగ్‌బింగ్‌నే ఖాయం చేశారు.

గ్రీనింగ్ చిక్కు ఇంకా వీడకముందే, పురుగు మోసే ఇంకో తెగులు దక్షిణ అమెరికాను ఊడ్చేసింది. 1937 నుంచి బ్రెజిల్‌లో పుల్ల నారింజ వేరుమూలం మీద అంటు కట్టిన చెట్లు లక్షల్లో కూలిపోయాయి. అది ట్రిస్టిజా వైరస్ తెగులు. నల్ల పేనుబంక దాన్ని మోస్తోందని 1946లో మెనెగినీ నిరూపించాడు. కంటికి కనబడని ఆ వైరస్‌ను కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకు అక్కరకొచ్చింది మన గూడూరు, తెనాలి మార్కెట్లకు వచ్చే కాగితపు నిమ్మ జాతి మొక్క. అనుమానం ఉన్న చెట్టు కన్ను తెచ్చి నిమ్మ మొక్కకు అంటు కడితే, తెగులుంటే లేత ఆకుల ఈనెలు అక్కడక్కడ పాలిపోయి వెలుతురుకు పట్టి చూస్తే తేటగా కనిపిస్తాయి. తల్లి చెట్టు దాచింది నిమ్మ మొక్క చెప్పేస్తుంది. కాకపోతే జవాబుకు నెలలు పట్టేది.

పూణెలో రుజువు

మన దేశంలో నిమ్మజాతి తోటలు ఎండిపోవడం పాత కథే. 1966లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లిలియన్ ఫ్రేజర్, మన శాస్త్రవేత్తలు కపూర్, నరియానీ తదితరులతో కలిసి, ఈ ఎండు తెగులుకు గ్రీనింగే కారణం కావచ్చని చెప్పింది. మరుసటి ఏడాది, 1967లో, పూణెలో కపూర్, రావు, విశ్వనాథ్ మన సిల్లా పురుగే గ్రీనింగ్‌ను మోస్తోందని నిరూపించారు. లయల్‌పూర్ నివేదిక తర్వాత సరిగ్గా నలభై ఏళ్ళకు పురుగుకూ తెగులుకూ మధ్య ముడి పడింది.

అసలు దోషి ఎవరన్నది మిగిలింది. అందరూ వైరస్ అనుకున్నారు. 1970లో ఫ్రాన్స్‌లో లాఫ్లెష్, బోవే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, ఆకు తయారుచేసిన ఆహారాన్ని మోసుకెళ్ళే నాళాల్లో వైరస్‌కన్నా పెద్ద జీవులు కనిపించాయి. అవి బ్యాక్టీరియా అని తేలడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. దాన్ని విడిగా సీసాలో పెంచడం కుదరలేదు. నిమ్మ చెట్టులో చూద్దామంటే ఎదుగుదల నెమ్మది. అప్పుడు జోసెఫ్ మేరీ బోవే, మోనిక్ గార్నియే బృందం ఒక దారి కనిపెట్టింది. మన చేలల్లో మినుముకు చుట్టుకునే బంగారు తీగ తెలుసుగా, ఆ జాతి తీగను జబ్బు చెట్టు మీద పాకించి, దాని రెండో కొసను బిళ్ళగన్నేరు మొక్కకు అందించారు. రెండింటి రసం పీల్చే తీగ ద్వారా బ్యాక్టీరియా బిళ్ళగన్నేరుకు చేరి, అక్కడ దండిగా పెరిగింది. 1983లో ఈ సంగతి ప్రచురితమైంది. ఆ తర్వాత పూణె నుంచి తీసుకున్న తెగులు రకం నుంచే డీఎన్‌ఏ ముక్కలు వేరుచేసి, తెగులును గుర్తుపట్టే ఆనవాళ్ళుగా వాడారు. 1994లో ఆ బ్యాక్టీరియాకు లిబెరోబ్యాక్టర్ అని పేరు పెట్టారు, అదే తర్వాత లిబెరిబ్యాక్టర్ అయింది. కొద్దికాలానికే డీఎన్‌ఏ జాడ పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చింది. నెలల పని గంటల్లోకి వచ్చింది.

ఫ్లోరిడా నేర్చుకున్న పాఠం

అంత శాస్త్రం చేతిలో ఉన్నా ఫ్లోరిడా దెబ్బతింది. 1998 జూన్‌లో డెల్రే బీచ్‌లో సిల్లా పురుగు కనిపించింది. పురుగు వచ్చింది కానీ తెగులు రాలేదుగా అన్న ధీమా ఉండింది. నిమ్మ కుటుంబానికే చెందిన ఒక అలంకరణ పూల మొక్క కుండీల్లో దుకాణం నుంచి దుకాణానికి తిరుగుతూ, పురుగును రాష్ట్రమంతా చేరవేసింది. 2005 ఆగస్టులో మయామీ దగ్గర తెగులు బయటపడింది. వెతకడం మొదలెట్టేసరికి చాలా జిల్లాల్లో ఉంది. అంతకు ఏడాది ముందే బ్రెజిల్‌లోని సావో పావ్లో రాష్ట్రంలోనూ అది తేలింది.

2003-04లో ఫ్లోరిడా 24 కోట్ల 20 లక్షల పెట్టెల నారింజ పండించింది. పెట్టె అంటే దాదాపు 41 కిలోలు. 2022-23లో వచ్చింది కోటీ 58 లక్షల పెట్టెలు. తుపానులు కూడా దెబ్బ తీశాయి, అయినా ప్రధాన దోషి గ్రీనింగే. బ్రెజిల్ మొదటినుంచీ జబ్బు చెట్లు నరికివేస్తూ, పురుగును అదుపుచేస్తూ వచ్చింది. అక్కడ కూడా 2024 సర్వేలో ప్రధాన నారింజ ప్రాంతంలో నూటికి 44 చెట్లకు తెగులు ఉన్నట్టు తేలింది.

పీసీఆర్ చేతిలో ఉన్నా తెగులు తొందరగా దొరకకపోవడానికి కారణముంది. ఒక చెట్టులో వేల ఆకులుంటాయి. మొదట్లో బ్యాక్టీరియా ఉండేది ఏ రెండు కొమ్మల్లోనో. పరీక్షకు తెంపిన ఆకు ఆ కొమ్మది కాకపోతే ల్యాబు తెగులు లేదనే చెబుతుంది. పరీక్ష ఎంత గొప్పదైనా దానికి అందించే ఆకు సరైనది కావాలి. ఈ ఇబ్బందిని దాటడానికి మంజునాథ్, సుసాన్ హాల్బర్ట్ తదితరులు చెట్టును వదిలి పురుగును పరీక్షించారు. పురుగు చెట్టంతా తిరిగి రసం పీలుస్తుంది కాబట్టి తోట సంగతి దాని ఒంట్లో ఉంటుంది. చెట్లలో లక్షణాలు కనిపించడానికి ఏడాది నుంచి కొన్నేళ్ళ ముందే పురుగుల్లో బ్యాక్టీరియా పట్టుబడుతోందని 2008లో వాళ్ళు తేల్చారు. దుకాణాల్లో అమ్మకానికి పెట్టిన మొక్కల మీది పురుగుల్లోనూ అది దొరికింది.

ఇంకో దారి కుక్క ముక్కు. ఫ్లోరిడాలో టిమ్ గాట్‌వాల్డ్ బృందం కుక్కలకు ఈ బ్యాక్టీరియా వాసన నేర్పింది. తోట వరుసల్లో నడుస్తూ, జబ్బు చెట్టు మొదట్లో అవి చతికిలబడతాయి. నూటికి 99 సార్లకు పైగా వాటి తీర్పు సరైనదేననీ, తెగులు ఎక్కించిన రెండు వారాలకే కొన్ని చెట్లను పట్టేశాయనీ 2020లో ప్రకటించారు. అదే చెట్లలో పీసీఆర్‌కు జాడ తెలియడానికి నెలలు పట్టింది.

ఖరీదైన యంత్రం లేని చోటికి జపాన్‌లోని ఒకినావా శాస్త్రవేత్తలు ఒక చవక పద్ధతి తెచ్చారు. తెగులు సోకిన ఆకు నుంచి పిండిపదార్థం కిందికి దిగలేక ఆకులోనే పేరుకుపోతుంది. అనుమానం ఉన్న ఆకును గరుకు కాగితంతో బాగా రుద్ది, ఆ కాగితాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో కాసిన్ని నీళ్ళలో వేసి, అయోడిన్ చుక్క కలుపుతారు. నీళ్ళు నల్లబడితే ఆ చెట్టును ల్యాబు పరీక్షకు పంపాల్సిందే. ఇది తుది తీర్పు కాదు, ముందు జల్లెడ. పొలం గట్టు మీద ఎవరైనా చేసుకోగలిగింది.

మన తోటల సంగతి

అనంతపురం చీనీ, నల్గొండ బత్తాయి, గూడూరు నిమ్మ మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళ దీపం వెలిగిస్తున్నాయి. తోట ఎండితే మనం ముందుగా అనుకునేది నీటి ఎద్దడి, ఆ తర్వాత జింకు లోపం. ఆకును అరచేతిలో పెట్టుకుని చూస్తే తేడా కొంతవరకు తెలుస్తుంది. జింకు లోపమైతే నడి ఈనెకు రెండు వైపులా పసుపు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్‌లో ఒకవైపు మచ్చ ఇంకోవైపు మచ్చతో సరిపోలదు. పండు గుండ్రంగా రాకుండా ఒక పక్కకు ఒరుగుతుంది. తొడిమ వైపు రంగు తిరిగినా అడుగు పచ్చగానే ఉండిపోతుంది. కోస్తే గింజలు తాలు.

కానీ ఇవన్నీ కనిపించేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. అందుకే అసలు కాపలా నర్సరీ దగ్గర పెట్టాలి. పురుగు ఒక తోట నుంచి పక్క తోటకు ఎగురుతుంది. జబ్బు మొక్క లారీ ఎక్కి జిల్లాలు దాటుతుంది. స్పెయిన్ ఈ సంగతి తొందరగా గ్రహించింది. ట్రిస్టిజా దెబ్బ తిన్నాక 1970ల్లో వాలెన్సియా దగ్గర మోంకాడాలో చిగురు మొన అంటు పద్ధతితో శుభ్రమైన తల్లి మొక్కల నిల్వ తయారుచేసుకుంది. కొమ్మ చిట్టచివరి మొనలో మిల్లీమీటరులో పదో వంతు ముక్కను మైక్రోస్కోపు కింద కోసి, గాజు గొట్టంలో మొలిచిన పసి మొక్కకు అంటిస్తారు. అంత లేత మొనలోకి తెగులు ఇంకా చేరి ఉండదు. మన నాగ్‌పూర్‌లోని కేంద్రీయ నిమ్మజాతి పరిశోధన సంస్థలోనూ ఈ పద్ధతి ఉంది, పీసీఆర్ పరీక్షలూ ఉన్నాయి.

కొరత విజ్ఞానంలో లేదు. అది రైతు గడప దాకా రావడంలో ఉంది. అంటు మొక్క అమ్మే ప్రతి నర్సరీ తన తల్లి చెట్లను ఏటా పరీక్ష చేయించాలి. ఆ చీటీ మొక్కతోపాటు రైతు చేతికి రావాలి. మొక్కల్ని దోమతెర కట్టిన నీడలో పెంచాలి. ఇగురు వచ్చే రోజుల్లో ఊరంతా ఒకేసారి సిల్లాకు మందు కొట్టుకోవాలి. ఎందుకంటే ఒకరు కొట్టి పక్కవాడు వదిలేస్తే పురుగు గట్టు దాటి తిరిగొస్తుంది. జబ్బు చెట్టు నరికిన రైతుకు ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తే, కాపు కాస్తోందిగా అని దాన్ని ఉంచుకునే ఆశ తగ్గుతుంది.

బత్తాయి తోట పెడితే ఇరవై ఏళ్ళ బాంధవ్యం. మొదటి నాలుగేళ్ళు పెట్టుబడే తప్ప రాబడి లేదు. తీరా కాపుకొచ్చే వేళకు తోటలో జబ్బు బయటపడితే ఆ కుటుంబానికి ఎవరు జవాబు చెబుతారు? లిన్, కపూర్, బోవే లాంటివాళ్ళు జీవితాలు ధారపోసి ముందుగా కనిపెట్టే దారులు మన చేతికిచ్చారు. ఈసారి మొక్కలు కొనడానికి నర్సరీకి వెళ్ళినప్పుడు రేటు అడిగే ముందు తల్లి చెట్టు పరీక్ష చీటీ అడగండి. వందమంది రైతులు అడిగితే నర్సరీవాళ్ళు చూపించక తప్పదు.