అమ్మాయి మెదడు మీద పీహెచ్‌డీ చేస్తానంటే...

అక్కలూ, చెల్లెళ్ళూ, మీ అమ్మాయి మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం మానేసి, “మెదడు ఎలా నేర్చుకుంటుందో, యంత్రానికి ఎలా నేర్పాలో రెండూ కలిపి పరిశోధన చేస్తానమ్మా” అందనుకోండి. మన నోట ముందు వచ్చేది “ఇంకో నాలుగేళ్ళా?” అనే. ఆ మాటలో తప్పేం లేదు. అయితే జవాబు చెప్పేముందు, మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లోనే ఈ చదువు ఎలా నిలదొక్కుకుందో చూడండి.

1972లో జెఫ్రీ హింటన్ ఎడిన్‌బరోలో పీహెచ్‌డీలో చేరారు. మెదడులోని కణాల అల్లికలాంటిది తయారుచేస్తే యంత్రం కూడా నేర్చుకుంటుందని ఆయన నమ్మకం. మరుసటి ఏడాదే జేమ్స్ లైట్‌హిల్ అనే గణిత శాస్త్రవేత్త, కృత్రిమ మేధ పరిశోధన చెప్పినంత సాధించలేదని ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. నిధులు తగ్గిపోయాయి. హింటన్ గైడ్‌కి కూడా ఈ దారి మీద నమ్మకం పోయింది. అయినా ఆయన వదల్లేదు. 1978లో పట్టా తీసుకుని, ఇక్కడ డబ్బు దొరక్క అమెరికా వెళ్ళారు.

ఇంకో పక్క, షాంఘైలో పుట్టిన లీ జావ్‌పింగ్ అనే అమ్మాయి ఫిజిక్స్ చదివి అమెరికాలోని కాల్‌టెక్‌కి వెళ్ళింది. జాన్ హాప్‌ఫీల్డ్ దగ్గర పరిశోధన చేసింది. వాసనని మెదడు ఎలా గుర్తుపడుతుందో లెక్కలు కట్టి, పీహెచ్‌డీ అందుకుంది.

ఈ ఇద్దరూ, పీటర్ డయాన్ అనే మరో శాస్త్రవేత్తా 1998లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో గాట్స్‌బీ యూనిట్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఉన్నారు. డబ్బు ఇచ్చింది డేవిడ్ సెయిన్స్‌బరీ పెట్టిన ధర్మసంస్థ. అవును, మనం కూరగాయలు కొనే ఆ సెయిన్స్‌బరీ కుటుంబమే! అక్కడ ఒకే పీహెచ్‌డీలో మెదడు సిద్ధాంతమూ, మెషీన్ లెర్నింగూ రెండూ నేర్పుతారు.

రెండూ కలపడం ఎందుకంటారా? అనుకోకుండా కాఫీ అద్భుతంగా కుదిరితే ప్రాణం లేచొస్తుంది కదా. రోజూ అలాగే కుదిరితే ఆ సంబరం ఉండదు. అనుకున్నదానికీ, అందినదానికీ ఉన్న తేడానే మెదడులోని డోపమైన్ కణాలు చెబుతాయని 1997లో డయాన్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి రాశారు. యంత్రాలకి నేర్పడానికి అప్పటికే వాడుతున్న సూత్రమే అది!

జావ్‌పింగ్ చూపు మీద పనిచేశారు. తెల్లచీరల మధ్య ఒక్క ఎర్రచీర ఉంటే కన్ను దానంతటదే అటు పోతుంది. అలా కంటిని లాగే పని, చూపు సమాచారం పైమెదడులో మొదట చేరే చోటే జరుగుతుందని ఆవిడ ప్రతిపాదించారు.

తరవాత ఇదే యూనివర్సిటీలో డెమిస్ హసాబిస్, ఎలనార్ మగ్వైర్ అనే ఆవిడ దగ్గర జ్ఞాపకం మీద 2009లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ పైన గాట్స్‌బీలో పనిచేస్తూ షేన్ లెగ్‌ని కలిశారు. 2010లో వాళ్ళు మరో స్నేహితుడితో కలిసి డీప్‌మైండ్ పెట్టారు. 2024లో హాప్‌ఫీల్డ్‌కీ, హింటన్‌కీ ఫిజిక్స్ నోబెల్, హసాబిస్‌కి కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చాయి.

నోబెళ్ళు చూసి సరే అనెయ్యమని కాదు నేను చెప్పేది. పట్టాకీ నోబెల్‌కీ మధ్య హింటన్‌కి 46 ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళు ఆయన్ని నిలబెట్టింది జీతం కాదు, వదలని ఒక ప్రశ్న. ఆ రోజుల్లో ఈ దారిలో ఎవరూ లేరు, ఇప్పుడేమో తిరనాళ్ళలా ఉంది. అందుకే ఆ ప్రశ్న ఉందో లేదో ఇప్పుడు మరీ ముఖ్యం.

కాబట్టి “చేతికేమొస్తుంది?” అనేముందు అమ్మాయిని కూర్చోబెట్టి ఇవి అడగండి. నువ్వు తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న ఏమిటి? నీ గైడ్ ఎవరు, వాళ్ళ దగ్గర చదివినవాళ్ళతో మాట్లాడావా? ఫీజూ, నెలనెలా స్టైపెండూ చివరిదాకా వస్తాయా? మొదటిదానికి జవాబు చెప్పేటప్పుడు తన కళ్ళు చూడండి. మిగతా రెండింటికీ కాగితం చూడండి.