పాత ట్రాక్టరు అప్పుడప్పుడు అదురుతోందా? లోడు లాగడం లేదా? ఇంజిను విప్పించే ముందు ఇవి చూసుకోండి

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు మొరాయిస్తే నారు ముదిరిపోతుంది, ఆ సమయంలో అద్దెకు ఇంకో బండి దొరకదు. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన ట్రాక్టర్లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వచ్చి పోయే లోపం. చేలో అరగంట తిరిగాక బండి నీరసిస్తుంది, మెకానిక్ వచ్చేసరికి మామూలుగా నడుస్తుంది. అలాంటప్పుడు "పంపు పోయింది", "ఇంజిను పని వచ్చింది" అని తొందరపడి విప్పిస్తే ఖర్చు పెరుగుతుంది గాని లోపం అలాగే ఉండిపోవచ్చు. కింది వరుసలో చూసుకుంటే చాలా లోపాలను రైతులే గుర్తించవచ్చు.

మొదట గమనించి రాసుకోవలసినవి

• స్టార్టు చేసిన ఎంతసేపటికి వస్తోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?
• ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది?
• నిలబెట్టినప్పుడు కూడా అదురుతోందా, నడుస్తున్నప్పుడేనా, రొటావేటర్ తిప్పినప్పుడేనా?
• ఆ సమయంలో పొగ రంగు ఏమిటి?

లోడు మీద బలం తగ్గితే

ముందుగా ఇంజిను శబ్దం వినండి.

1. ఇంజిను వేగం తగ్గకుండా బండి మాత్రమే నెమ్మదిస్తే లోపం ఇంజినులో లేదు. చక్రాలు జారుతున్నాయేమో చూడండి. జారకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్లు. క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే సరిచూడాలి.

2. ఇంజిను వేగం పడిపోతూ నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ సరిగా కొట్టడం లేదు, లేదా లోడు ఎక్కువైంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు గిన్నె విప్పి చూడండి. నూనె చిక్కబడి అడుగున బురద చేరితే కడిగి, గుర్తు వరకు మాత్రమే కొత్త నూనె పోయాలి. దుమ్ము ఎక్కువగా ఉండే దుక్కి, నూర్పిడి రోజుల్లో రోజూ చూడాలి.

3. ఇంజిను వేగం పడిపోయినా పొగ పెరగకపోతే డీజిల్ అందడం లేదు. పాత బండ్లలో వచ్చి పోయే లోపానికి తరచుగా కనిపించే కారణం ఇదే.

డీజిల్ దారిని వరుసగా చూడండి

• ట్యాంకు మూత: మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి వెలితి ఏర్పడి ధార తగ్గుతుంది. బండి ఆగిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ నడుస్తుంది. నీరసించిన వెంటనే మూత వదులు చేయండి. గాలి లోపలికి పీల్చిన శబ్దం వచ్చి బండి తేరుకుంటే లోపం దొరికినట్లే. రంధ్రం శుభ్రం చేస్తే చాలు.
• ట్యాంకు అడుగు: తుప్పు, చెత్త కదిలి డీజిల్ బయటికి వచ్చే రంధ్రానికి అడ్డుపడి, ఇంజిను ఆగగానే మళ్లీ పక్కకు జరుగుతాయి. ట్యాంకు దింపి కడగాలి.
• నీరు: ఫిల్టరు అడుగున ఉన్న బోల్టు వదులు చేసి నీరు తీసేయండి. సాయంత్రం పని ముగిశాక ట్యాంకు నింపి ఉంచితే లోపల చెమ్మ తక్కువగా చేరుతుంది.
• గాలి పట్టడం: పగిలిన రబ్బరు పైపులు, అరిగిన రాగి వాషర్ల దగ్గర డీజిల్ కారకపోయినా గాలి లోపలికి పోవచ్చు. వాషర్లు మార్చి, ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చే వరకు చేతి పంపు కొట్టి బిగించండి.
• స్టాప్ నాబ్: ఇంజిను ఆపడానికి లాగే తీగ బిగుసుకుని పూర్తిగా లోపలికి వెళ్లకపోయినా డీజిల్ తగ్గుతుంది.

నిలబెట్టినప్పుడే అదురుతుంటే

ఒక సిలిండరు మిస్సింగ్ అయి ఉండవచ్చు. తెలిసిన మెకానిక్ చేత స్లో స్పీడులో ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేయించి చూడండి. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దంలో మార్పు రాదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. దాని నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చి మళ్లీ చూడాలి. మిస్సింగ్ కూడా పక్కకు మారితే నాజిల్ లోపం. అక్కడే ఉంటే వాల్వు, కంప్రెషన్, పంపు వైపు చూడాలి. అన్ని సిలిండర్లూ పనిచేస్తున్నా అదిరితే ఫ్యాను రెక్కలు, ఇంజిను బోల్టులు చూడండి.

హెచ్చరిక: ఈ పైపుల్లో డీజిల్ చాలా ఒత్తిడితో ఉంటుంది. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. చెయ్యి అడ్డుపెట్టవద్దు. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రొటావేటర్ తిప్పినప్పుడే అదురుతుంటే

ఇంజిను ఆపి, తాళం చెవి తీసుకున్నాకే దగ్గరికి వెళ్లండి. ఒక వైపు బ్లేడ్లు విరిగినా, బోల్టులు ఊడినా అదురు వస్తుంది. షాఫ్టు విప్పి మళ్లీ తొడిగినప్పుడు దాని రెండు చివరల ఫోర్కులు ఒకే వరుసలో ఉండాలి. క్రాస్ బేరింగులు చేత్తో కదిపితే ఆడకూడదు. గట్టు దగ్గర రొటావేటర్‌ను తిరుగుతుండగానే బాగా పైకి లేపితే క్రాస్‌లు త్వరగా పోతాయి. పీటీఓను నిమిషానికి 540 చుట్లకు మించి తిప్పవద్దు.

రోడ్డు మీద స్టీరింగ్ వణికితే

దీన్ని వాయిదా వేయకూడదు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి దిమ్మలు పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపితే ఆడితే హబ్ బేరింగు లేదా కింగ్ పిన్ బుష్‌లు, కుడిఎడమలుగా ఆడితే టై రాడ్ ఎండ్లు అరిగినట్లు. చక్రాల నట్లు, టైరు ఉబ్బు, గాలి కూడా చూడండి. ఇవి సరిచేసే వరకు ట్రక్కు తగిలించి రోడ్డెక్కవద్దు, కూలీలను ఎక్కించవద్దు.

మెకానిక్ దగ్గరికి ఎప్పుడు?

వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ రావడం, నీలి పొగతో ఇంజిన్ ఆయిల్ తగ్గడం, రేడియేటర్ నీటిలో నూనె తేలడం, లోపల కొట్టుకునే శబ్దం ఉంటే బండి నడపకుండా చూపించాలి. మిగతా సందర్భాల్లో ఒకసారి ఒక్క భాగమే సరిచేసి, అదే పొలంలో, అదే లోడు మీద నడిపి చూడండి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే ఏది లోపమో తెలియదు. మీరు రాసుకున్న వివరాలు మెకానిక్‌కు చెబితే విప్పాల్సినదే విప్పుతారు, పని రోజులు కలిసొస్తాయి.